కొలత సాలు

మా కొండ మీద పెళ్ళయిన ఆడదాన్ని పేరు పెట్టి పిలవరు. ప్రిస్కా వాళ్ళమ్మ, దమసీన్ వాళ్ళమ్మ అంటారు. పెద్దబిడ్డ పుట్టిన రోజున తల్లి పేరు పోయి బిడ్డ పేరు అంటుకుంటుంది. నాకు బిడ్డ లేదు కాబట్టి పుట్టింటి నుంచి తెచ్చుకున్న వెనెరాంద అనే పేరే మిగిలిపోయింది. పెళ్ళయి అన్నేళ్ళయిన దాన్ని పసిపిల్లలా పేరు పెట్టి పిలవడం జనానికీ ఇబ్బందే. అందుకని "ఇదిగో", "నిన్నేనమ్మోయ్" అని సరిపెట్టేవాళ్ళు. నా పేరు నేను బాగా విన్నది మా పొలంలో చిక్కుడు పరీక్ష పెట్టిన ఆ ఏడు సెప్టెంబరులో దిగే ఉముహిండో వానల్లోనే. ఆ పిలిచింది కూడా ఊరివాళ్ళు కాదు, వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన డాక్టర్ సెమఫారా.

మా ఆయన అలొయిస్ తాపీ పనికని కిగాలి పట్నం వెళ్ళి, అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. ఇక్కడ మా అత్తా నేనూ ఒకే వాకిట్లో రెండు పొయ్యిలు పెట్టుకుని బతుకుతున్నాం. మా మధ్య తగాదా ఏమీ లేదు. తగాదా ఉంటే మాటలైనా ఉండేవి. పొద్దున్నే ఆమె ఆవు దగ్గరికి పోయేది, నేను నీళ్ళకి వాగు దగ్గరికి పోయేదాన్ని. సాయంత్రం ఎవరి కుండలో చిక్కుడు గింజలు వాళ్ళు ఉడకేసుకుని, ఎవరి గుమ్మంలో వాళ్ళు కూర్చుని తినేవాళ్ళం. అత్తలేని కోడలు ఉత్తమురాలని సామెత. ఉన్నా లేనట్టుండే అత్త దగ్గర కోడలు ఏమవుతుందో సామెతలు కట్టినవాళ్ళు చెప్పలేదు.

వానలు దిగే ముందు అలొయిస్ దగ్గర్నుంచి కబురొచ్చింది. అది కూడా నాకు నేరుగా రాలేదు. సంతలో ఎవరో పక్కింటి ప్రిస్కా వాళ్ళమ్మకి చెబితే, ఆమె మా కంచె అవతల నిలబడి, నా మొహం చూడకుండా చెప్పింది. కిగాలి ఆమెకి మగబిడ్డ పుట్టాడట. కోతలయ్యాక కొత్త సంవత్సరానికి తల్లీబిడ్డల్ని ఇంటికి తీసుకొస్తాడట. ఈలోగా నేను మా అన్న ఇంటికి వెళ్ళిపోతే అందరికీ మర్యాదగా ఉంటుందట. మా అన్నకి ఇల్లంతా కలిపి రెండు గదులు, అందులో ఆరుగురు పిల్లలు. కుండలోంచి దుంప తీసినప్పుడల్లా నా చేతివైపు చూసే వదిన సరేసరి. ఆ మర్యాద ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు.

సరిగ్గా అప్పుడే కేంద్రం వాళ్ళు మా కొండకొచ్చి, ఇక్కడ అన్నిటికంటే చచ్చిన నేల ఎవరిదని అడిగారు. ఊరంతా ఏకమై మా పొలాన్ని చూపించింది. ఊరు ఒక మాట మీద నిలబడటం నేను చూసింది ఆ ఒక్కసారే. పొలం ఎవరి పేరున ఉందని డాక్టరు నన్ను అడిగాడు. మా దగ్గర కోడలు అత్తమామల పేర్లు నోట పలకదు. నేను నేల చూపులు చూస్తూ నిలబడితే, ప్రిస్కా వాళ్ళమ్మే ముందుకొచ్చి మా అత్త పేరు చెప్పింది. ఆ పేరు నాకిప్పటికీ నోట రాదు, ఇక్కడా రాయను.

బళ్ళో నాలుగు అక్షరాలు నేర్చుకున్నదాన్ని, పొలం ఇంటి పక్కనే ఉంది. అందుకని పరీక్షకి కాపలా, చాకిరీ నాకే అప్పగించారు. పంట బాగా వచ్చి లెక్కలు సరిగా తేలితే వచ్చే వానలకి నన్ను కేంద్రంలోనే పనిలో పెట్టుకుంటానని, ఉండటానికి గది కూడా ఇస్తారని డాక్టరు మాటిచ్చాడు. అన్న ఇంటికి పోకుండా ఉండటానికి నాకున్న దారి అదొక్కటే. ఆ ఏడు విత్తనాలతో పాటు నన్ను కూడా ఆ చచ్చిన నేలలోనే పాతుకున్నాను.

డాక్టరు చెప్పిన సంగతి ఇది. చిక్కుడు వేళ్ళకి చిన్న చిన్న బుడిపెలు పడతాయి. వాటిలో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి తిండి చేసి పెడతాయి. కొన్ని మొక్కలకి ఆ కాపురం చక్కగా కుదురుతుంది, కొన్నిటికి అంతంతమాత్రం. ఎరువు కొనలేని మా బోటి వాళ్ళకి మొదటి రకం కావాలి. ఏది ఏ రకమో తేల్చాలంటే పండించి, తూచి, మళ్ళీ పండించి ఏళ్ళు పట్టేది. ఇప్పుడు ఆకు చూసి చెప్పొచ్చట. మొక్క జన్యువుల్లో గుర్తులుంటాయి, ఆ గుర్తులున్న పిల్లమొక్కల్ని ఉంచి మిగతావి తీసేస్తే సరి. ఆకు చెప్పిన మాట మా చచ్చిన నేలలో నిజమవుతుందా లేదా అన్నదే పరీక్ష.

లేత ఆకుల్లో చిన్న గుండ్రటి బిళ్ళలు కొట్టి, గుంటల పళ్ళెంలో వేసి, మంచుపెట్టెలో పెట్టి పంపడం నా పని. కొన్నాళ్ళకి జవాబు ఫోన్లో వచ్చింది. గుర్తులేని మొక్కల్ని పీకెయ్యమన్నారు. వరసల వెంట వంగి పీకుతూ పోతున్నాను. అవేమీ తెగులు పట్టినవి కావు, నిగనిగలాడుతున్నాయి. గడ్డి మోపుతో గట్టు మీద పోతున్న మా అత్త ఆగింది. ఆ నెలలో ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

"వాటికేం రోగం?"

"రోగం లేదు. గుర్తు లేదు. గాలిలోంచి తిండి తెచ్చుకోవడం వీటికి సరిగా రాదని ఆకులో తెలిసింది."

"ఇంకా పూత కూడా పట్టలేదు. అప్పుడే తేల్చేశారా?"

నేను ఇంకో మొక్క పీకాను. ఆమె మోపు కిందికి దింపి, పొలం మధ్యలో ఉన్న ఒక సాలు వైపు గడ్డం చూపించింది. ఆ సాలు మొక్కలు అప్పుడప్పుడే పాలిపోతున్నాయి.

"మరి దాన్నెందుకు ఉంచావు?"

"అది కొలతకి" అన్నాను. "దాని వేళ్ళకి బుడిపె అనేదే పట్టదు. నేలలో ఏముంటే అది తిని బతకాలి, అంతే. దాని పక్కన పెట్టి చూస్తే మిగతావి గాలిలోంచి ఎంత తెచ్చుకున్నాయో తెలుస్తుంది. అలాంటివి మూడుచోట్ల పెట్టాం."

మా అత్త ఆ సాలు వైపు చాలాసేపు చూసింది.

"అంటే దాన్ని పక్కన నిలబెట్టి మిగతావాళ్ళని మెచ్చుకుంటారన్నమాట" అంది. మోపు ఎత్తుకుని పాక వైపు దిగిపోయింది.

చిక్కుడు తీగ సాగే వేళకి కర్రలు పాతాలి. కూలికి ఇరుగుపొరుగు వచ్చారు. కొలత సాళ్ళు తేలిగ్గా తెలియడానికి వాటి కర్రల కొసలకి ఎర్రరంగు పూశాం. ఆ వచ్చినవాళ్ళలో గాస్పార్ ఒకడు. పెళ్ళి భోజనాల దగ్గరా చావు ఇంటి దగ్గరా కూడా జనాన్ని నవ్వించగలడు. నోట్లో నువ్వుగింజ నానదు. అవి ఎందుకలా పసుపెక్కాయని అడిగాడు. వేళ్ళకి బుడిపెలు పట్టవని చెప్పాను. అతను కర్ర భుజాన వేసుకుని ఆ సాలు ముందు నిలబడ్డాడు.

"ఈ గొడ్రాలికి కూడా కర్ర దండగ చెయ్యాలా?"

అందరూ నవ్వారు. ప్రిస్కా వాళ్ళమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, అంతలో నన్ను చూసి, లేని కలుపు తియ్యడానికి వంగింది.

గాస్పార్ మంచివాడే. నన్ను అనాలని అనలేదు. అంటే బాధ ఒక్క రోజుతో పోయేది. కానీ ఆ పేరు అంటుకుపోయింది. "గొడ్రాలి సాలు దాకా కలుపయింది", "నీళ్ళబిందె గొడ్రాలి పక్కన పెట్టా" అని మామూలుగా అనేసుకునేవాళ్ళు, నేను అక్కడే ఉన్నా, కొడవలి అనో పలుగు అనో అన్నంత మామూలుగా. మా పొలం ఇంటి పైనే ఉంటుంది. అక్కడ మాట్లాడిన మాట ఇక్కడ వాకిట్లో పడుతుంది. ఒకరోజు నేనూ ఏదో చెప్పబోయి "గొ" దాకా వచ్చి నాలుక కరుచుకున్నాను.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మధ్యాహ్నం కూలివాళ్ళు చెట్టునీడన చేరి తింటుంటే, నేను నా చల్లారిన చిలగడదుంప పట్టుకుని ఆ సాలు పక్కన కూర్చునేదాన్ని. మిగతా సాళ్ళు గుబురుగా అల్లుకుని ఒకదానిలో ఒకటి చేతులు పెట్టుకుని ఉండేవి. ఇది మాత్రం కర్రకి సగం దాకా ఎగబాకి, నిమ్మపండు రంగు ఆకులతో అక్కడే ఆగిపోయింది. నేలకి తెలిసినదంతా అదే చెబుతుంది, అబద్ధమాడదు, పరీక్షకి ప్రాణం అదేనని డాక్టరు అనేవాడు. నిజమే కావచ్చు. ప్రాణం అన్నంత మాత్రాన దాని పక్కన ఎవరైనా కూర్చున్నారా?

వానలు ముదిరాక ఒక వింత జరిగింది. పండిపోయి రాలాల్సిన ఆ ఆకుల్లో మెల్లగా పచ్చదనం దిగింది. ముందు అడుగు ఆకులు, తర్వాత కొసలు. మూడుచోట్లా అంతే. ఒక మొక్కని తవ్వి చూస్తే వేళ్ళు శుభ్రంగా ఉన్నాయి, ఒక్క బుడిపె లేదు. అంటే గాలి నుంచి కాదు, నేల నుంచే ఏదో తింటోంది. పైమడి వాళ్ళ ఎరువు వానకి కొట్టుకొస్తోందేమోనని రెండు రోజులు నడుం విరిగేలా అడ్డంగా కాలవ తవ్వాను. పచ్చదనం ఆగలేదు. డాక్టరుకి ఫోన్ చేసి చెబితే, పిందె పట్టే వేళకి వస్తున్నాను కదా, నేనే చూస్తాను, కంగారు పడకన్నాడు. కంగారు పడకుండా ఎలా ఉంటాను? ఆ మూడు సాళ్ళూ ఆకలితో ఉంటేనే నా గది, నా పని. అవి పచ్చబడే కొద్దీ మా అన్న ఇల్లు దగ్గరవుతోంది.

డాక్టరు వచ్చిన రోజు తెరిపిగా ఉంది. కూలివాళ్ళంతా వచ్చారు, ప్రిస్కా వాళ్ళమ్మ శుభ్రమైన తలగుడ్డ కట్టుకొచ్చింది. గుర్తున్న సాళ్ళని చూసి డాక్టరు మొహం వెలిగిపోయింది. ఒక మొక్కని వేళ్ళతో సహా పెకలించి, బుడిపెని గోటితో చీల్చి చూపించాడు. లోపల ఎర్రగా ఉంది, అలా ఉంటే అది బాగా పనిచేస్తున్నట్టే.

"చూశావా వెనెరాందా, ఆకు చెప్పినట్టే అయింది" అన్నాడు. అందరి ముందూ నా పేరు.

తర్వాత ఎర్రరంగు కర్రల దగ్గరికి వెళ్ళాడు. ఆకు తిరగేసి చూశాడు. మొక్క తవ్వి, వేళ్ళు సీసాలో నీళ్ళతో కడిగి చూశాడు. మిగతా రెండు చోట్లకీ వెళ్ళి అదే పని చేసి తిరిగొచ్చాడు. అప్పటిదాకా ఉన్న వెలుగు మొహంలో లేదు.

"ఇక్కడ ఎరువు ఎవరు వేశారు?"

"ఎవరూ వెయ్యలేదండీ."

"కొలతబద్దే పెరిగిపోతే దేన్ని ఏం కొలుస్తాం వెనెరాందా? మిగతావి గాలిలోంచి తెచ్చుకున్నాయో, ఇది తిన్నదే తిన్నాయో నేనెలా చెప్పను? నీకు తెలియకుండా ఈ పొలంలో ఎవరు అడుగు పెడతారు?"

నిజమే. కాపలా నాదే. కూలివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పంటంతా పచ్చగా కనబడి పని దక్కాలని నేనే ఏదో చేసి ఉంటానన్న అనుమానం వాళ్ళ కళ్ళలో కనబడుతోంది. అంతలో కింద పాక దగ్గర్నుంచి మా అత్త ఎక్కి వచ్చింది. చేతిలో పాలు తీశాక ఆవు కింద కడగడానికి వాడే సొరబుర్ర ఉంది.

"నేను పోశాను" అంది.

"ఏం పోశావమ్మా?" అన్నాడు డాక్టరు.

"పేడనీళ్ళు. రోజూ పొద్దున, ఇది వాగుకి పోయినప్పుడు."

"ఎందుకమ్మా? దాన్ని ఆకలితో ఉంచాలనే కదా పెట్టాం."

"తెలుసు. కోడలు చెప్పింది."

"తెలిసీ ఎందుకు పోశావు?"

మా అత్త నా వైపు చూడలేదు. గాస్పార్ వైపూ చూడలేదు. ఆ మొక్కల వైపే చూస్తూ చెప్పింది.

"మీ మనుషులు దాన్ని పిలిచే పేరు మా వాకిట్లోకి వినబడుతోంది. పచ్చబడితే మానేస్తారనుకున్నా."

"ఏం పేరు?" అన్నాడు డాక్టరు.

గాస్పార్ అప్పటికే కట్టి ఉన్న తీగని మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. ప్రిస్కా వాళ్ళమ్మ తలగుడ్డ సర్దుకుంది. డాక్టరు ఒక్కొక్కరినీ చూసి, చివరికి నన్ను చూసి, ఇంక అడగలేదు. మా అత్త సొరబుర్ర ఊపుకుంటూ వచ్చిన దారినే దిగిపోయింది.

బండి దగ్గర డాక్టరు నాతో విడిగా మాట్లాడాడు. ఎవరినీ తప్పు పట్టలేదు. కానీ ఈ పొలం లెక్కలు ఇక దేనికీ పనికిరావన్నాడు. గుర్తున్న సాళ్ళ విత్తనం తీసుకెళ్ళి వచ్చే వానలకి ఇంకో కొండ మీద పరీక్ష పెడతారు, అక్కడి పనికి అక్కడి మనుషులే ఉన్నారు. నన్ను కేంద్రంలో పెట్టుకోమని పైవాళ్ళని అడగాలంటే ఈ పంట ఫలితం చూపించాలి, చూపించడానికేమీ మిగల్లేదు. చెబుతూ ఆయన నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ సాయంత్రం నాకు కోపం రావాలి. నాకున్న ఒక్క దారినీ మూసింది ఆమే. పొయ్యి ముందు కూర్చుని కోపం కోసం వెతుక్కున్నాను కూడా. దొరకలేదు. పెళ్ళయిన నాటి నుంచీ ఆ మాట నా వెనకా నా ముందూ ఎన్నిసార్లు తిరిగిందో, మా అమ్మ విని తల దించుకుంది, మా ఆయన విని నవ్వాడు. దానికి ఎదురు నిలబడింది ఇంతవరకూ ఎవరూ లేరు. ఈవిడ నోరు మెదపకుండా పేడనీళ్ళు మోసుకుని గట్టు ఎక్కింది. అవతలి గుమ్మంలో ఆమె ఎప్పటిలాగే ఒంటరిగా కూర్చుని తింటోంది. నేను లేచి అటు వెళ్ళాలనుకున్నాను. వెళ్ళకుండా పొయ్యిలోకి ఇంకో కట్టె తోశాను.

కోతలకి కేంద్రం మనుషులొచ్చి గుర్తున్న సాళ్ళని సంచుల్లో కట్టుకుపోయారు. కొలత సాళ్ళు మాకొద్దు, మీరే ఉంచుకోండన్నారు. తిండి దొరికింది కదా, అవి కాయలు బాగానే కాశాయి. మా అత్త వాటిని కోసి వాకిట్లో చాప మీద ఆరబెట్టింది. నేను బట్టలు మూట కట్టుకుని బయటికి వచ్చేసరికి ఆమె కాయలు కొడుతోంది.

"ఎక్కడికి?"

"అన్నయ్య ఇంటికి. వాళ్ళు వచ్చే వేళయింది కదా."

"ఇవి ఏరి పెట్టి పో."

మూట పక్కన పెట్టి చాప మీద కూర్చున్నాను. వెన్నరంగు గింజలు, గుండ్రంగా ఉన్నాయి. పుచ్చులూ రాళ్ళూ ఏరుతుంటే ఆమె లోపలికి వెళ్ళి తన విత్తనాల బుట్ట తెచ్చింది. మా కొండ మీద ఒకే రకం విత్తే ఇల్లు లేదు. ఎరుపు, నలుపు, చారలవి, వంగపండు రంగువి, అన్నీ కలిపే ఉంచుతాం, కలిపే విత్తుతాం. వాన ఎటు తిరిగినా ఏదో ఒకటి నిలబడుతుంది. ఆ బుట్ట ఆమెకి ఆమె అత్త ఇచ్చింది. పరాయి గింజ అందులో పడటం నేనెప్పుడూ చూడలేదు. ఏరిన గింజల్ని దోసిళ్ళతో తీసి ఆమె అందులో పోసింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి కలపడం మొదలుపెట్టింది.

"అది పండదత్తమ్మా" అన్నాను. "దానికి తిండి తెచ్చుకోవడం రాదు. ఎన్నేళ్ళు విత్తినా అంతే. ఈ ఏడు కాసిందంటే నువ్వు పోశావు కాబట్టి."

"పొయ్యడం నాకు వచ్చుగా" అంది.

కలుపుతూనే ఉంది. కాసేపటికి ఏది ఏ గింజో తెలియకుండా కలిసిపోయాయి. బుట్ట మీద మూత పెడుతూ, నా మూట వైపు చూడకుండా, "రెండు పొయ్యిలకి కట్టెలు దండగ" అని మాత్రం అంది.

ఆ సాయంత్రం నా కుండ ఆమె పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళాను. కొత్త సంవత్సరానికి అలొయిస్ బిడ్డనెత్తుకుని, కిగాలి ఆమెని వెంటబెట్టుకుని వచ్చాడు. మా అత్త బిడ్డని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాలు పట్టింది. వాళ్ళకి కడుపునిండా అన్నం పెట్టింది. చీకటి పడకముందే బస్సు దొరుకుతుందని చెప్పి దారి చూపించింది. అలొయిస్ నా వైపు చూస్తే, "దాన్నేం చూస్తావు, అది ఈ ఇంట్లో మనిషి" అంది.

మా అత్త పోయి చాలా కాలమైంది. ఆ చివరి ఏళ్ళలో కూడా మేము పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఒకే పొయ్యి దగ్గర కూర్చునేవాళ్ళం, అంతే. గుర్తున్న చిక్కుడు ఇంకో కొండ మీద నెగ్గింది. ఇప్పుడు ఏదో మంచి పేరుతో సంతలో అమ్ముతున్నారు. చచ్చిన నేలలో కూడా బాగా కాస్తుందని జనం ఎగబడి కొంటారు. ఆ గింజల్ని చేతిలోకి తీసుకుని చూస్తాను, పిల్లమొక్కలప్పుడు వీటి ఆకుకి బిళ్ళ కొట్టింది నేనే కదా అనుకుని, మళ్ళీ కుప్పలో పోసేస్తాను. వాటికి ఎవరి అవసరం లేదు, హాయిగా బతుకుతాయి.

నేను విత్తేది మా అత్త బుట్టలోవే. ఇంట్లో ఒక్కదాన్నే. ఎవరి కోసమూ ఎదురుచూడని ఇంట్లో పొద్దు చాలా పొడుగ్గా ఉంటుంది. కానీ వానలు ముదిరాక పచ్చటి తీగల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి నిమ్మపండు రంగులో పాలిపోయిన మొక్కలు తేలతాయి. ఆవు పాలు తీశాక సొరబుర్ర నింపుకుని గట్టు ఎక్కి, వాటిని వెతికి పట్టుకుని, ఒక్కొక్కదాని మొదట్లో పోసి వస్తాను.